తల్లి అని రాసిన గడి

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు. ఆమె ముఖం నాకు గుర్తు లేదు. ఉన్న ఒక్క ఫోటోలోనూ కొంగు నుదుటిదాకా లాక్కుని, తల వంచుకుని ఉంటుంది. నాకు బుద్ధి తెలిసేసరికి ఇంట్లో ఉన్న ఆడమనిషి మా మేనత్తే. నాన్నకి స్వయానా చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే అత్తవారింట్లో చాకిరీ చేస్తూ ఉండిపోయిన మనిషిని, అమ్మ పోయిన నెలకి నాన్న విజయనగరం వెళ్ళి రాయపూర్ తీసుకొచ్చేశాడు. ఆ తర్వాత ఆవిడ ఊరు వెళ్ళింది రెండు మూడు సార్లే. అదీ చావులకి.

నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాకు కాలనీలో రెండు గదుల క్వార్టరు ఉండేది. మా వరసలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ, కూరల దగ్గర ఛత్తీస్‌గఢీ. అత్త మాత్రం కూరలవాళ్ళతో తెలుగులోనే బేరమాడేది. వాళ్ళూ అలవాటు పడిపోయారు. తూకంలో ఎక్కువొచ్చిన వంకాయని ఇంటికొచ్చాక చూసుకుని, ఎండలో వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చే మనిషిని ఎవరు మోసం చేస్తారు?

రైల్వేలో పనిచేసేవాళ్ళకి మెడికల్ కార్డు ఉంటుంది. ఉద్యోగి పేరు, కింద అతని మీద ఆధారపడినవాళ్ళ పేర్లు, ఎదురుగా వరస. నాన్న కార్డులో నేను 'కూతురు', అత్త 'వితంతువైన చెల్లెలు'. ఆ కార్డు మీదే నాకు టైఫాయిడ్ తగ్గింది, అత్తకి కడుపులో గడ్డ తీశారు. మందులు కాకీ రంగు కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చేవారు. ఎవరం ఎప్పుడూ జేబు తడుముకోలేదు. కుళాయిలో నీళ్ళొచ్చినట్టే, అదీ మాకు హక్కుగా వచ్చేదనుకున్నాం.

నాకు ఇరవయ్యేళ్ళప్పుడు నాన్న పనిలోనే పోయాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ పక్కకి ఒరిగిపోయాడట. గుండె. డబ్బా ఇంటికి తెచ్చి ఇచ్చారు, అత్త పెట్టిన అన్నం అలాగే ఉంది. క్వార్టరు కొన్నాళ్ళకి ఖాళీ చెయ్యాలన్నారు. కార్డు వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. మేం బిలాస్‌పూర్ రోడ్డు మీద మోవాలో ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకున్నాం. అప్పుడు మోవా అంటే సగం పొలాలు. బియ్యం మిల్లుల ఊక గాలికి వచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. అత్త రోజంతా దులుపుతూ ఉండేది.

ఏడాదిన్నర తిరిగాక, మెట్రిక్ పాసయ్యాను కాబట్టి, నాన్న పోయినందుకు కారుణ్య నియామకం కింద నాకు వర్క్‌షాపు ఆఫీసులో చిన్న గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. చేరిన వారంలో మెడికల్ కార్డు కోసం ఒక ఫారం నింపాలన్నారు. మా సెక్షన్‌లో హెడ్ క్లర్కుని అందరూ బడే బాబూ అనేవారు. ఆయనే తన చేత్తో రాసి పెడుతున్నాడు. హిందీలో అడిగాడు.

"నీ మీద ఆధారపడినవాళ్ళు ఎవరెవరమ్మా?"

"మా మేనత్త ఒక్కతే."

ఆయన కలం ఆపాడు. "బువాకి గడి లేదు బేటీ. భర్త, పిల్లలు, వితంతువైన తల్లి, తోబుట్టువులు. అంతే. మీ నాన్నకి ఆవిడ చెల్లెలు గనక ఆయన కార్డులో ఉంది. నీకు ఆవిడ ఏమీ కాదు. రూలు ప్రకారం అంటున్నాను, ఏమీ అనుకోకు."

ఆయన కాసేపు ఆగి, పాత ప్రశ్ననే మరోలా అడిగాడు. "తల్లి ఉందా?"

ఆయన నాకు దారి చూపించాడా, ఊరికే ఫారం ప్రకారం అడిగాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను పెంచిన మనిషి ఇంట్లో అన్నం వండుతోంది. ఉంది అన్నాను. పేరు అడిగితే అత్త పేరు చెప్పాను. వరస ఎదురుగా ఆయన 'తల్లి, వితంతువు' అని రాశాడు. కింద నేను సంతకం పెట్టాను.

కార్డు వచ్చిన రోజు ఇంటికి తెచ్చి అత్తకి చూపించాను. ఆవిడకి హిందీ చదవడం రాదు. తన ఫోటో చూసుకుని ముచ్చట పడింది. అప్పుడు చెప్పాను, ఆసుపత్రిలో ఎవరైనా అడిగితే అమ్మనని చెప్పాలని.

"అమ్మేటి?" అంది.

"అలాగ రాయించాను. అత్త అంటే కార్డు ఇవ్వరంట."

ఆవిడ కార్డుని చాప మీద పెట్టేసింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగింది.

"మా వదిన నిన్ను కన్నాది. పురిటి మంచం మీద పోయింది, ఆ రెండో పిల్లడూ పోయాడు. ఇప్పుడు నాను నీ అమ్మనని దస్తకత్తు పెడితే, ఆ మనిషి లేనే లేదని గాదేటే? సచ్చినదాన్ని మళ్ళీ సంపీసినట్టు గాదేటి?"

"కాగితం మీదే కదా అత్తా."

"కాగితం మీదైతే ఏటి? నీకు తెలీదు గుంటా. నాకొద్దు ఆ కార్డు. నాకే జబ్బూ లేదు."

జబ్బు ఉంది. తలపోటు వచ్చేది. మెడ వెనక పట్టేసేది. గుడ్డ తడిపి నుదుటికి కట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేది. నేను ఆసుపత్రికి రమ్మని బతిమాలేదాన్ని, కోప్పడేదాన్ని. ఆవిడ కదిలేది కాదు. చివరికి నేనే వెళ్ళి తలనొప్పి నాకని చెప్పి మాత్రలు తెచ్చి ఆవిడకి వేసేదాన్ని. డాక్టరు నా రక్తపోటు చూసేవాడు, బాగానే ఉందనేవాడు. ఆవిడది ఎవరూ చూడలేదు. ఆరేళ్ళు ఇలాగే గడిచాయి. ఆవిడకి వైద్యం అందాలని ఆడిన అబద్ధమే ఆవిడని వైద్యానికి దూరం చేసిందని అప్పట్లో నాకు తట్టలేదు. మొండితనం అనుకున్నాను.

ఎనభైల మధ్యలో, వేసవిలో ఒక ఆదివారం ఉదయం, బియ్యం ఏరుతూ ఆవిడ చేట మీదకే వంగిపోయింది. కుడి వైపంతా పడిపోయింది. నోరు వంకర తిరిగింది. పక్కింటివాళ్ళ సాయంతో రిక్షాలో ఎక్కించి రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కార్డు ఇచ్చాను. 'తల్లి' అని చూసుకుని చేర్చుకున్నారు. వద్దనడానికి ఆవిడకి స్పృహ లేదు. స్పృహ వచ్చాక మాట లేదు.

అక్కడ ఒక తెలుగు నర్సు ఉండేది. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, ముప్ఫై ఏళ్ళుగా రైల్వేలోనే ఉద్యోగం. కాలనీలో అందరినీ ఎరుగును. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఆవిడే చూసింది. అత్త ఎవరో ఆవిడకి బాగా తెలుసు. మొదటి రోజే కార్డు చూసింది, నా ముఖం చూసింది, కార్డు తిప్పి పెట్టేసింది. ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు.

మూడు వారాలకి డిశ్చార్జి అన్నారు. నేను కంగారు పడ్డాను. ఇంకా కూర్చోలేదు, నడవలేదు, ఎలా పంపిస్తారని. నర్సు నన్ను వరండాలోకి పిలిచింది.

"చూడమ్మాయ్, ప్రాణం మీదకొచ్చిన గండం గడిచింది. ఇక డాక్టర్లు చేసేదేం లేదు. ఇప్పటినించీ ఇది వైద్యం కాదు, చాకిరీ. పక్క మార్చాలి, ఒళ్ళు తుడవాలి, తినిపించాలి. ఏళ్ళ తరబడి చెయ్యాలి. దీనికి ఆసుపత్రిలో మంచం ఇవ్వరు. ఎక్కడా ఇవ్వరు."

"నేను ఆఫీసుకి వెళ్తే ఎవరు చేస్తారు సిస్టర్?"

"మనిషిని పెట్టుకోవాల. ఆ మనిషికిచ్చే డబ్బు కార్డులో రాదు. మాత్ర అయితే వస్తది, సూది అయితే వస్తది. మంచినీళ్ళు తాగించే చెయ్యి మాత్రం రాదమ్మా."

ఆ సాయంత్రం ఆవిడే నాకు నేర్పింది. రెండు గంటలకోసారి పక్క ఎలా తిప్పాలో, వీపు కింద ఎర్రబడితే ఏం చెయ్యాలో, తల ఎత్తిపెట్టి గంజి ఎలా తాగించాలో. తడబడుతూ చేస్తుంటే నా చేతుల మీద తన చేతులు పెట్టి చూపించింది.

ఉన్న సెలవులన్నీ రెండు నెలల్లో అయిపోయాయి. తర్వాత జీతం లేని సెలవు. తర్వాత అదీ కుదరదన్నారు. మోవాలోనే ఉండే ఒకావిడ, మిల్లులో ఊక చెరిగే పని మానేసిన మనిషి, పగలు ఆయాగా ఉండి చూసుకోవడానికి ఒప్పుకుంది. ఛత్తీస్‌గఢీ తప్ప మరో భాష రాదు. చేతులు చాలా బలమైనవి. అత్తని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి కూర్చోబెట్టేది. తన ఇంటి నుంచి రాత్రి అన్నంలో నీళ్ళు పోసి నానబెట్టిన బాసీ తెచ్చి, ఉల్లిపాయ నలిపి, అత్త నోట్లో పెట్టేది. నేను చేసిన మెత్తటి అన్నం ఉమ్మేసే అత్త అది తినేది. మా వైపు చద్దన్నం రుచి ఆవిడకి అందులో తగిలి ఉంటుంది.

నా జీతంలో పెద్ద భాగం ఆయాకే పోయేది. నాకు అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. అంతకుముందు వస్తూ ఉన్న సంబంధాలు ఆగిపోయాయి. ఒకరు మాత్రం వచ్చి, మంచం మీది మనిషిని చూసి, ఈవిడ ఎన్నాళ్ళుంటుందని అడిగారు. నేను టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. వాళ్ళూ మళ్ళీ రాలేదు. అందుకు ఏడ్చానని చెప్పను. అంత తీరిక లేదు.

అత్తకి మాట కొద్దికొద్దిగా వచ్చింది. నీళ్ళు, వద్దు, నన్ను పిలిచే గుంట. అంతే. ఇన్నేళ్ళలో విని విని వచ్చిన హిందీ, ఛత్తీస్‌గఢీ మాత్రం పూర్తిగా పోయాయి. ఆయా ఏం చెప్పినా తెల్లముఖం వేసుకుని చూసేది. రోజూ సాయంత్రం నేను ఎదురుగా కూర్చుని చిన్నపిల్లకి నేర్పినట్టు మాటలు చెప్పించేదాన్ని. ఒక మాట పక్కన ఇంకో మాట చేరాలని ఆసుపత్రిలో చెప్పారు. అది మాత్రం జరగలేదు.

రెండేళ్ళ తర్వాత అత్తని బిలాస్‌పూర్‌లోని పెద్ద ఆసుపత్రికి పంపించి చూపించమని డాక్టరు రాశాడు. అందుకు కాగితాలు కదిలాయి. కాగితాలు చూసిన గుమాస్తా ఒక చిన్న సందేహం రాశాడు. ఈ తల్లి రైల్వే ఉద్యోగి భార్య కదా, ఆయన పోయాక ఆవిడకి కుటుంబ పెన్షన్ రావాలి, ఆ పెన్షన్ కాగితం ఏది? అదే. ఎవరూ చాడీ చెప్పలేదు, ఎవరూ పగబట్టలేదు. ఒక జాగ్రత్తపరుడైన గుమాస్తా తన పని తాను చేశాడు. నేనైనా అదే రాసేదాన్ని.

విచారణకి వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వస్తాడని చెప్పారు. ఆ రోజు సెలవు పెట్టాను. పదకొండింటికి వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన పెద్దమనిషి. సైకిలు గోడకి ఆనించి, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆయా స్టూలు వేసింది. నీళ్ళు తాగాడు. మంచం మీద శుభ్రమైన దుప్పటి, దువ్విన జుట్టు, పుండు లేని వీపు, అన్నీ చూశాడు.

"మాతాజీ, ఈ అమ్మాయి మీకు ఏమవుతుంది?" అని హిందీలో అడిగాడు.

అత్త ఆయన వంక చూస్తూ ఉండిపోయింది.

"ఈవిడకి ఇప్పుడు తెలుగు ఒక్కటే తెలుస్తుంది" అన్నాను.

"అయితే నువ్వే అడుగమ్మా, మీ భాషలో. ఆవిడ ఏం చెప్తే అది నాకు చెప్పు. నాకు మీ భాష రాదు."

నేను మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకున్నాను.

"నాను నీకేటవుతాను?"

పెదాలు కదిలాయి. గుంట అంటుందనుకున్నాను. రోజూ అనే మాట అదే. అంటే చాలు, పిల్ల అంటోందని చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఆవిడ కళ్ళు మూసుకుంది. మెడ నరాలు బిగిశాయి. చాలాసేపు ప్రయత్నించింది.

"అన్న..." అంది. ఆగింది. "మా... అన్న కూతురు."

రెండేళ్ళలో మాట పక్కన మాట చేరడం అదే మొదటిసారి. నాకు తెలియకుండానే నవ్వాను. ఆవిడా నవ్వింది, సగం నోటితో. పాఠం అప్పజెప్పిన పిల్లలా నా వంక చూసింది. అప్పుడు వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ ఏమందని అడిగాడు.

"క్యా బోలీఁ?"

నేను వెనక్కి తిరగలేదు. ఆ గదిలో ఆ మాట తెలిసింది నాకూ అత్తకీ, బహుశా ఆయాకీ. ఆయాకి ఈ రెండేళ్ళలో కొంత తెలుగు పట్టుబడింది. ఆమె గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని కదలకుండా నిలబడింది. నా కూతురు అంటోంది అని చెప్తే అయిపోయేది. ఆయన రాసుకుని వెళ్ళిపోయేవాడు.

"భాయీ కీ బేటీ" అన్నాను. "అన్న కూతురినని చెప్తోంది."

ఆయన రాయలేదు. కలం మూత పెట్టేశాడు.

"పక్షవాతం వచ్చినవాళ్ళు ఒక్కోసారి ఏవేవో అంటారు బేటీ. మతి స్థిరంగా ఉండదు. అలా రాయమంటావా? పేషెంటు మతి సరిగా లేదు, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పింది అని? ఆలోచించుకుని చెప్పు."

ఆయన మంచివాడు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. తన ఉద్యోగానికి మచ్చ తెచ్చుకునే పనే అది. కానీ అత్త ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉంది, ఇంకా నా వంకే చూస్తోంది. నేను ధైర్యవంతురాలిని కాను, సత్యసంధురాలిని అంతకన్నా కాను. ఆ మాట పిచ్చిమాట అని మాత్రం నా నోటితో చెప్పలేకపోయాను.

"మతి బాగానే ఉందండీ. నిజమే చెప్పింది. ఆవిడ నా మేనత్త."

ఆయన రాసుకున్నాడు. నా చేత సంతకం పెట్టించాడు. వెళ్ళేటప్పుడు ఆయాతో, "మనిషిని బాగా చూసుకుంటున్నావమ్మా" అన్నాడు.

ఛార్జిషీటు వచ్చింది. తప్పు ఒప్పుకున్నానని రాసి ఇచ్చాను. ఉద్యోగం తీసెయ్యలేదు. ఇన్‌స్పెక్టర్ తన రిపోర్టులో నా గురించి రెండు వాక్యాలు మంచిగా రాశాడని తర్వాత తెలిసింది. మూడేళ్ళ ఇంక్రిమెంట్లు ఆపారు. అత్త వైద్యానికి అయిన ఖర్చంతా నా జీతంలోంచి నెలనెలా కోసుకుంటామన్నారు. కార్డులో ఆవిడ పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసి, నా ఒక్కదాని పేరుతో తిరిగి ఇచ్చారు.

మా ఆఫీసు క్యాంటీన్‌కి ఒక బీమా ఏజెంటు వచ్చేవాడు. ఆసుపత్రి ఖర్చులకి కొత్తగా పాలసీ వచ్చిందని అందరికీ చెప్పేవాడు. ఆశపడి అడిగాను. ముందే ఉన్న జబ్బుకి వర్తించదన్నాడు. వయసు అడిగి తల అడ్డంగా ఊపాడు. పోయేముందు మెల్లగా అన్నాడు, "అయినా దీదీ, ఇది ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ళకే. ఇంట్లో మంచం మీద ఉన్నవాళ్ళకి ఏ పాలసీ లేదు." పాపం, అతనికీ తెలుసు. వాళ్ళింట్లోనూ ఎవరో ఉన్నట్టుంది.

ఈ సంగతులేవీ అత్తకి చెప్పలేదు. చెప్తే మందులు మింగదని నాకు తెలుసు. తన కోసం ఒకరు ఖర్చుపెడుతున్నారంటే ఒప్పుకునే మనిషి కాదు. పాత కాకీ పొట్లాలు ఇంట్లో కట్టలుగా ఉండేవి. బజారులో కొన్న మాత్రలని అట్టలోంచి ఒక్కొక్కటే కత్తిరించి తీసి, ఆ పొట్లాల్లో పోసి, ఆవిడ మంచం పక్కన పెట్టేదాన్ని. పొట్లం చూసి, రైల్వేవే అనుకుని, నోరు తెరిచేది. ఒక అబద్ధం పోయి ఇంకోటి వచ్చింది. ఇది మూడేళ్ళు నడిచింది.

ఒక రోజు ఆఫీసుకి ఆలస్యమై, మాత్రల అట్టని అలాగే వదిలేసి వెళ్ళాను. ఆయా అట్టలోంచే తీసి వెయ్యబోయింది. అత్త ఆ వెండి రంగు అట్టని ఎడమ చేత్తో లాక్కుని దిండు కింద పెట్టుకుంది. సాయంత్రం నేను రాగానే తీసి చూపించింది.

"కొ... కొన్నావు."

"ఇవి ఒక్కసారికే అత్తా, ఆసుపత్రిలో అయిపోయాయి."

"కొన్నావు" అంది మళ్ళీ. పొట్లాల వైపు చూపించింది. అర్థమైపోయింది ఆవిడకి. నోరు బిగించేసింది.

మూడు రోజులు ఒక్క మాత్ర మింగలేదు. నేను వేస్తే ఉమ్మేసింది, ఆయా వేస్తే ఉమ్మేసింది. మానితే మళ్ళీ పక్షవాతం వస్తుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. మూడో రోజు ఆఫీసులో ఎవరిచేతో మాటపడి వచ్చాను. జీతంలో కోత, ఇంటి అద్దె పెంచుతామన్న కబురు, అన్నీ కలిసి ఉన్నాయి. మాత్ర మళ్ళీ నా చేతి మీదే ఉమ్మేసింది. అప్పుడు అరిచాను.

"ఆ రోజు నువ్వు అన్న కూతురని చెప్పబట్టే కార్డు పోయింది! గుంట అని ఊరుకుంటే సరిపోను! ఒక్క మాట అనకుండా ఉంటే ఇవన్నీ ఊరికే వచ్చేవి, నా జీతం నాకుండేది! నువ్వే పోగొట్టినావు. ఇప్పుడు ఉమ్మితే ఎవరికి నష్టం?"

ఆయా వంటింట్లోంచి బయటికి వచ్చి నా భుజం పట్టుకుంది. అప్పటికే అయిపోయింది. అత్త నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఏడుపూ లేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా కాసేపు చూసి, మెల్లగా నోరు తెరిచింది. నేను మాత్ర వేశాను. మింగింది.

ఆ తర్వాత ఏ రోజూ మాత్ర వద్దనలేదు. ఏ రోజూ మాట్లాడలేదు కూడా. నీళ్ళు అనే మాట పోయింది, వద్దు పోయింది, గుంట పోయింది. మళ్ళీ పక్షవాతం వచ్చిందేమోనని డాక్టరుని ఇంటికి పిలిపించాను. అలాంటిదేం లేదన్నాడు. మాట వచ్చే మనిషే, మాట్లాడడం మానేసింది. నేను లేనప్పుడు నీతోనైనా ఏమైనా అంటుందా అని ఆయాని అడిగాను. లేదంది. "ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది దీదీ" అని ఒక్కసారే అంది, గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా.

క్షమించమని అడిగాను. ఎన్నిసార్లో అడిగాను. కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. ఆవిడ ఎడమ చెయ్యి చాపి నా తల మీద పెట్టేది. జుట్టు సవరించేది. మాట మాత్రం లేదు. కోపమైతే తల నిమరదు. కోపం కాదు, భయమని నాకు తర్వాత తోచింది. తన నోట్లోంచి ఏ మాట వస్తే నాకు ఏం నష్టం జరుగుతుందోనన్న భయం. నా బాగు కోరే ఆవిడ నోరు మూసుకుంది. ఇది నా ఊహే కావచ్చు. అడిగి తెలుసుకునే వీలు మాత్రం నేనే లేకుండా చేసుకున్నాను.

అలా ఒకటిన్నర సంవత్సరం. వానాకాలంలో ఒక పొద్దున మిల్లు ఫోను నుంచి ఆఫీసుకి కబురు వచ్చింది. ఆటోలో వచ్చేసరికి పదకొండయింది. ఆయా తల దువ్వుతుండగా పోయిందట. మెడ కొంచెం వెనక్కి వాలిందని, నిద్రపోతోందనుకుని ఇంకో రెండుసార్లు దువ్వానని ఆయా చెప్పింది. జుట్టు ఒక వైపు దువ్వి జడపాయ తీసి ఉంది, రెండో వైపు చెదిరి ఉంది. దువ్వెన అందుకుని ఆ రెండో వైపు నేను దువ్వాను. వాన పడుతోంది. ఇరుగుపొరుగువాళ్ళు గుమ్మంలో గొడుగులు మడుస్తున్నారు. నర్సు కబురు తెలిసి వచ్చింది, అప్పటికి రిటైరయింది. దుప్పటి తొలగించి వీపు, మడమలు చూసింది. "ఒక్క పుండు లేదమ్మాయ్" అంది. "ఇన్నేళ్ళలో ఒక్క పుండు లేదు. ఆసుపత్రిలో మావల్ల కూడా అయ్యేది కాదు." నన్ను ఓదార్చడానికే అంది. ఆ మాటకే ఎక్కువ ఏడ్చాను.

జీతంలో కోత ఆవిడ పోయాక కూడా చాలా నెలలు సాగింది. కోత అయిపోయాక దేవేంద్ర నగర్‌లో ఒక ఇంటి పైవాటాలోకి మారాను. ఆఫీసులో అందరూ మునుపటిలాగే ఉన్నారు. నేను చేసిన తప్పు గురించి ఎవరూ ఎత్తలేదు. చాలామంది ఇళ్ళలో ఏ గడిలోనూ పట్టని మనుషులు ఒకరో ఇద్దరో ఉన్నారని నాకు మెల్లగా అర్థమైంది. ఒకతను తనని పెంచిన పినతండ్రిని, ఒకావిడ భర్త మొదటి భార్య తల్లిని చూసుకుంటున్నారు. వాళ్ళు మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడేవారు. చెప్పుకోవడానికే తప్ప, నా దగ్గర ఉపాయం ఉందని కాదు. అత్తలాంటివాళ్ళని కూడా కార్డులో చేర్చుకోవాలని యూనియన్ ద్వారా ఒక అర్జీ రాశాం. నిబంధనలు అనుమతించవని రెండు పంక్తుల జవాబు వచ్చింది.

ఆయాకి మా కొత్త ఇంటి దగ్గరే మరో ఇంట్లో పని దొరికింది, ఒక మిల్లు యజమాని గారి మంచం పట్టిన తల్లిని చూసుకోవడం. ఆదివారాలు దారిలో నా దగ్గర ఆగేది. మెట్లెక్కేటప్పుడు నడుం పట్టుకుని మధ్యలో ఒకసారి నిలబడేది. ఏళ్ళ తరబడి మనుషులని ఎత్తిన నడుం అది. ఒక ఆదివారం టీ ఇస్తే, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగింది.

"మోరో బర్ కోనో కార్డ్ బన్ సకథే కా, దీదీ?"

తనకి కూడా ఏదైనా కార్డు చేయించవచ్చా అని. నీ ఆఫీసులో కాగితాలు చూస్తావు కదా, నీకు తెలిసి ఉంటుంది అంది.

ఎవరి దగ్గర పనిచేస్తున్నావని రాయాలి, ఎవరి మీద ఆధారపడ్డావని రాయాలి. నేను కాసేపు ఆలోచించాను, నిజంగానే ఆలోచించాను. కొడుకు గురించి అడిగాను. వాడు రాజనందగావ్ వైపు కూలికి పోయాడని, కబురు లేదని చెప్పింది.

"లేదు" అన్నాను. "అలాంటిదేం లేదు."

"ఠీక్ హే" అంది. టీ తాగింది. ఈ ఏడు వానలు ముందే పట్టాయని, తన గుడిసెలో ఒక మూల కారుతోందని చెప్పింది. గ్లాసు తనే కడిగి బోర్లించి, నడుం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగింది.